జెల్ల చేప – పితృధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ ఉత్సవములలో కవులను గూర్చియు కావ్యములను గూర్చియు ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు విషయము ఒక చేప. అదియైనను విందులకెక్కిన చేప కాదు. వంజరము, చందువ, పండుగప్ప వచ్చిన దినమున సంతలో దానివంక చూచువారు తక్కువ. ఒడలిపై పొలుసు లేదు, తాకిన జిగట. మూతిచుట్టు మీసములు. ఏమరిపాటున పట్టుకొన్నవానికి ముల్లు. దానిపేరు జెల్ల. బడిపిల్లలకు జెల్లకాయ యను మాట బాగుగా తెలియును. ఆ జెల్లకును ఈ జెల్లకును చుట్టరిక మెట్టిదో నిఘంటుకారులు తేల్చవలసినది. కాని ముల్లు గ్రుచ్చుకొన్నవానికి రెండును ఒక్కటే.

ఇట్టి చేపకు సభలో పీట వేయుటకు రెండు కారణములు కలవు. ప్రపంచమందలి మత్స్యశాస్త్రజ్ఞులందరును వాడు పేర్లలో ఒక తెలుగుమాట నిలిచియున్నది; ఆ మాట జెల్ల. ఇది మొదటి కారణము. రెండవది అంతకంటె పెద్దది. సంతానమును కాచుటలో ఈ చేపజాతి తండ్రి చూపు ఓర్పు మనుష్యులలోను అరుదు. ఆ ఓర్పే ఇప్పుడు దానికి అపాయకారణమైనది.

చేప యనగానే చదువుకొన్నవారికి స్ఫురించునది మత్స్యన్యాయము. పెద్దచేప చిన్నచేపను మ్రింగును. రాజదండము లేనిచోట బలవంతుడు బలహీనుని అట్లే మ్రింగునని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పినాడు. భాగవతమున అష్టమ స్కంధమందు సత్యవ్రతమహారాజు కృతమాలానదిలో జలతర్పణము చేయుచుండగా దోసిటిలోనికి వచ్చిన చిన్నచేప శరణు కోరిన కథ పురాణ శ్రవణము చేసిన తల్లులందరికిని తెలిసినదే. పోతనామాత్యుడు దానిని తెనిగించి ఇంటింటికి తెచ్చినాడు. ఆ చిన్నచేప భయమంతయు పెద్దచేపల నోటిని గూర్చియే. రాజు దానిని కమండలువునను, పిదప బావిలోను, మడుగునందును ఉంచి, తుదకు సముద్రమునకు చేర్చినాడు. నోరు భయస్థానము, దోసిలి అభయస్థానము – ఇది ఆ కథయందలి తీరు. జెల్ల విషయమున ఈ తీరు తలక్రిందులగును. ఇక్కడ పెద్దచేప నోరే చిన్నచేపలకు అభయస్థానము. ఎట్లో క్రమముగా విన్నవింపబడును.

ముందుగా దాని రూపురేఖలు. చెరువులలోని వాలుగ, మార్పు మొదలగు మీసపు చేపలు అందరెరిగినవే. జెల్లయు ఆ పెద్దవంశమునకు చెందినదే. అయితే దానిశాఖ వేఱు. వాలుగ, మార్పు మంచినీటివి. ఏటి జెల్లలను కూడ జెల్లలనియే పిలిచెదరుగాని, సముద్రపు జెల్లలు ప్రత్యేకమైన కుటుంబము. ఉష్ణమండలపు సముద్రములన్నిటి తీరములందును ఈ కుటుంబమువారు వ్యాపించియున్నారు. నడిసముద్రమున వీరికి పనిలేదు. తీరమున బురదనేలగల లోతుతక్కువ నీరు, నదులు కడలిలో కలియు మొగలు, ఉప్పుటేరులు, మడ అడవుల కాలువలు – ఇవి వీరి నివాసములు. గోదావరి మొగలయందును, కోరింగ మడలలోను, పులికాటు సరస్సున, ఉత్తరమున చిలుకసరస్సునందును జెల్లలు దొరకును. ఉప్పునీటను, ఉప్పు తగ్గిన నీటను సంచరింపగలుగుట వాని విశేషము.

జెల్ల తల చదునైనది, గట్టిది. పైన ఎముకపలక యొకటి డాలువలె కప్పియుండును. చర్మము క్రింద ఆ పలకపై ఇసుకరేణువులవంటి గరుకు తగులును. ఎరియస్ అను ప్రజాతికి మూతివద్ద మీసములు మూడు జతలు. బురదనీటిలో కన్నులు పనిచేయనిచోట ఈ మీసములే చేతికఱ్ఱ. రుచిని, స్పర్శను వానితోనే గ్రహించి రొయ్యలు, పీతలు, పురుగులు, నత్తలు, చిన్నచేపలు వెదకి తినును. వీపున తోకకు దగ్గరగా ఎముకలేని చిన్న కొవ్వురెక్క యొకటి కలదు. పరిమాణమున జాతిజాతికి భేదము. జానెడు, మూరెడు పెరుగునవి కొన్ని. మీటరుకు మించి పెరుగునవి కొన్ని.

వీపురెక్క మొదట ఒక ముల్లు, ప్రక్కరెక్కల మొదట చెరియొక ముల్లు – మొత్తము మూడు. వీని అంచులు రంపపు పండ్లవలె ఉండును. భయము కలిగినపుడు జెల్ల ఈ ముండ్లను నిక్కించి కీలు బిగించునట్లు బిగించును. బిగిసినదానిని బలిమితో వంచరాదు. ముంటిని కప్పిన చర్మమున విషమున్నది. అందుకే జాలరులు వలనుండి తీయగానే ముండ్లు విరిచి తరువాతనే బుట్టలో వేయుదురు. ముల్లు గ్రుచ్చుకొన్నచో బాధ తీవ్రము. ఆ విషము వేడికి చెడు స్వభావము కలది. కావున గాయపడిన చేతిని గాని కాలిని గాని ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో – చర్మము కాలనంత వేడిలో – అరగంట మొదలు గంటన్నర వరకు ఉంచినచో నొప్పి తగ్గును. నీటివేడిని ముందుగా గాయములేని చేతితో చూచుకొనవలెను. ముంటిముక్క లోపల విరిగియుండవచ్చును. ధనుర్వాతపు భయమును కలదు. కావున పిమ్మట వైద్యునికి చూపుట తప్పనిసరి. పసరు పూసి ఊరకుండుట ప్రమాదము.

ఇక పేరుకథ. 1782లో ఇంగ్లీషు కంపెనీ కొలువులోనున్న తమ్మునితో కలిసి పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమునకు వచ్చినాడు. పిదప కంపెనీవారి ప్రకృతిశాస్త్ర ఉద్యోగియై, ఈ దేశపు పాములను, మొక్కలను, చేపలను పరిశీలించినాడు. విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనలను, పటములను రెండు సంపుటములుగా 1803లో లండనులో అచ్చువేయించినాడు. ఆ గ్రంథములో గమనింపదగిన సంగతి యేమనగా, రస్సెల్ చేపలకు కొత్తపేర్లు కల్పింపక, రేవున జాలరులు పలికిన పేర్లనే తన చెవికి వినవచ్చినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్నాడు. సొరలు, టేకులు, జెల్లలు అన్నియు అట్లే ఆ పుటలకెక్కినవి. చదువురాని జాలరి నోటిమాట పండితుని గ్రంథమున శీర్షికయైనది.

1822లో హామిల్టను అను మరియొక వైద్యుడు గంగానదీ మత్స్యములపై గ్రంథము ప్రకటించుచు వంగదేశపు జాలరుల మాటలను అట్లే స్వీకరించినాడు. అతడు వర్ణించిన ఎరియస్ అను చేపయే పిదప ప్రజాతికి పేరైనది; 1840లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వలన్సియెన్ ఆ ప్రజాతిని స్థాపించినాడు. అనంతరము ఫ్రాన్సిస్ డే అనునతడు వచ్చినాడు. మద్రాసు సైన్యమున వైద్యుడుగా చేరి, హిందూదేశపు మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలైనవాడు. 1875 మొదలు 1878 వరకు భాగములుగా వెలువడిన ఆయన గ్రంథము నేటికిని ఈ శాస్త్రమునకు పెద్దబాలశిక్షవంటిది. 1877లో డే నల్లరెక్క గల ఒక జాతిని వర్ణించి దానికి ఎరియస్ జెల్ల యని నామకరణము చేసినాడు. అనగా ఇంటిపేరు వంగదేశపు రేవునుండి, పెట్టినపేరు తెలుగు రేవునుండి. నేడు జపానులోనైనను, బ్రెజిలులోనైనను ఆ చేపనుగూర్చి వ్రాయువాడు జెల్ల యని వ్రాయక తప్పదు.

ఈ పేర్లు చాలమార్లు మారినవి. ఒకప్పుడు ప్రపంచపు సముద్రపు జెల్లలలో అధికభాగము ఎరియస్ అను ఒక్కపేరు క్రిందనే ఉండెడివి. హిందూదేశపు నివేదికలలో చిరకాలము టాకిసూరస్ అను పేరు చెల్లినది. అది ఇప్పుడు తూర్పు ఆసియా మంచినీటి చేపలకు చెందిపోయినది. 2007లో ఈ కుటుంబమునంతటిని మరల పరిశీలించి ప్రజాతుల హద్దులు కొత్తగా నిర్ణయించిరి. ఎరియస్ ఇప్పుడు చిన్నదైనది. అందుండిన జాతులు అనేకము వేఱుపేర్ల క్రిందికి పోయినవి. ఎరియస్ జెల్ల మాత్రము ఎరియస్ గానే నిలిచినది. ఇందు తికమకపడవలసినది లేదు. రీసర్వేలో సర్వేనెంబరు మారినంతమాత్రమున పొలము చోటు మారదు. గట్టు మీది తాటిచెట్టు ఉన్నచోటనే ఉండును. శాస్త్రపు పట్టాలో నెంబరెన్నిమార్లు మారినను రేవున జెల్ల జెల్లయే.

జెల్లకు గొంతుకూడ ఉన్నది. చేప మూగదను లోకోక్తికి ఇది అపవాదము. లోపలి గాలితిత్తిని కండరముల బలముచే కంపింపజేసి గురగురమను ధ్వని చేయును. ముంటి మొదలు కీలులో రాచి కిఱ్ఱుమను ధ్వనియు చేయును. అమెరికా తీరమున ఉండు జెల్ల బంధువొకటి తన ధ్వనియొక్క ప్రతిధ్వనిని విని దగ్గరి అడ్డును గుర్తింపగలదని 1970 ప్రాంతపు పరీక్షలలో కనుగొన్నారు. జెల్ల చెవిలోపల రాతివంటి గట్టి గుళ్ళున్నవి. చెట్టుమానులో వలయములవలె వానియందును పెరుగుదల గీతలుండుటచే చేప వయస్సు తెలిసికొనుటకు పనికివచ్చును. దక్షిణ అమెరికా, కరిబియను తీరముల క్రైస్తవులు అక్కడి జెల్లల ఎండిన పుఱ్ఱె అడుగుభాగమున శిలువపై క్రీస్తుమూర్తి రూపమును చూచి, ఇంట పెట్టుకొందురు. ఊపినపుడు ఆ చెవిరాళ్ళు లోపల గలగలలాడగా, అవి శిలువక్రింద భటులు వేసిన పాచికలని చెప్పుకొందురు. దేశమేదైనను జనులు తమకు ప్రియమైన కథనే ప్రకృతియందు చదువుకొందురు.

ఇప్పుడు ముఖ్యవిషయము. సముద్రపు చేపలలో పెక్కు లక్షలకొలది గ్రుడ్లు నీటవిడిచి తమ దారిని తాము పోవును. గసగసలవంటి ఆ గ్రుడ్లను కాచువాడు లేడు. జెల్ల తల్లి పెట్టు గ్రుడ్లు కొన్ని పదులు. మిక్కిలియైనచో నూరో, ఇంచుక పైననో. కాని ఒక్కొక్క గ్రుడ్డు సెంటీమీటరు, సెంటీమీటరున్నర అడ్డుకొలత గలది, పిల్లలాడు గోలీకాయంత. ఎముకగల చేపల గ్రుడ్లలో ఇంత పెద్దవి మిక్కిలి అరుదు. ఈనుకాలము దగ్గరపడగానే ఆడచేప పొట్టక్రింది రెక్కలు వెడల్పై మందమెక్కును. విడిచిన గ్రుడ్లు బురదలో పడకుండ పట్టి మగచేపకు అందించుటకే ఈ మార్పని శాస్త్రజ్ఞుల ఊహ.

మగచేప ఆ గ్రుడ్లను నోట గ్రహించును. మ్రింగుటకు కాదు. నోటిలోపల, మొప్పలకు ముందున్న చోట వానిని పేర్చుకొని పెదవులు దగ్గరకు చేర్చును. బుగ్గలు ఉబ్బును, గొంతుక్రింది చర్మము సాగి సంచివలె వ్రేలాడును. చేప ఊపిరికై నోటినుండి మొప్పలమీదుగా పోవు నీరే గ్రుడ్లకును గాలి నిచ్చును. కదలిక యుండుటచే వానికి బూజుపట్టదు. శత్రువుల కంటబడవు. కొన్ని వారములకు గ్రుడ్లు చిట్లి పిల్లలు వచ్చును. అయినను పొట్టక్రింద పచ్చసొనసంచి ఇంకను వ్రేలాడుచుండుటచే ఈదలేవు. ఆ సొన హరించి, పిల్ల రమారమి రెండంగుళములు పెరిగి తన బ్రతుకు తాను బ్రతుకగలిగినదాక తండ్రి నోరే దానికి ఇల్లు. ఈ కాలమంతయు కలిపి ఇంచుమించు రెండుమాసములు. జాతినిబట్టి కొంత హెచ్చుతగ్గు.

ఈ రెండుమాసములును తండ్రికి ఆహారము లేదు. నోరు నిండియున్నపుడు తినుట యెట్లు? ఇట్టి మగచేపల కడుపు కోసి చూచినవారికి అది వట్టిదై ముడుచుకొని కనబడినది. ఒడలి కొవ్వు కరగి చేప చిక్కిపోవును. ఏకాదశినాడు ఒక్కపూట ఉపవాసమున్నవారు మరునాటి పారణకై ఎదురుచూచుట లోకమున కలదు. నోటిముందరనే రొయ్యలు పోవుచుండ, నోరు తెఱవక అరువది దినములు గడపు ఈ జలచరమును ఏ వ్రతపరుని పంక్తిలో కూర్చుండబెట్టవలెనో పౌరాణికులు నిర్ణయింపవలెను. మత్స్యన్యాయము చెప్పిన పండితుడు జెల్లను చూచియుండినచో, ఆ పదమునకు ప్రక్కనే మరియొక పదము వ్రాసియుండెడివాడు.

అయితే ఈ పితృధర్మము ఒక లెక్కపై ఆధారపడియున్నది. ఆ లెక్క పలకమీద వేసి చూడవచ్చును. లక్ష గ్రుడ్లు పెట్టు చేపకు తొంబదితొమ్మిదివేలు నశించినను వేయి మిగులును. నూరు గ్రుడ్లు పెట్టు చేపకు తొంబదితొమ్మిది నశించినచో మిగులునది ఒక్కటి. కావున జెల్ల సంపాదించి నిలుపుకొన్న బ్రతుకు, సంఖ్యచే నిలిచినది కాదు, కాపుదలచే నిలిచినది. కాపరి పడిపోయినచో మందయంతయు పోవును. ఒక మగచేపను ఆ సమయమున పట్టుట, ఒక చేపను పట్టుట కాదు. ఒక సంసారమును పట్టుట. అంతేకాదు. వలలో చిక్కి గిలగిలలాడు జెల్ల నోటిలోని గ్రుడ్లను, పిల్లలను కక్కివేయును. పడవ అడుగున దొర్లు ఆ గోలీలను జాలరులు చూడని విషయము కాదు.

ఇక్కడ ఒక విచిత్రమును గమనింపవలెను. పూర్వకాలమున జెల్లను పట్టిన సాధనములలో గాలము ముఖ్యమైనది. గాలమునకు ఎర కావలెను. ఎరకు ఆకలిగల చేప కావలెను. ఉపవాసమున్న తండ్రి సామాన్యముగా ఎర ముట్టడు. కావున గాలము తనకు తెలియకయే ధర్మము పాటించినది. తినుచున్నదానిని పట్టినది, మోయుచున్నదానిని విడిచినది. చుట్టువలకును, అడుగు గీచుకొనుచు పోవు ట్రాలు వలకును ఈ విచక్షణ లేదు. ఆకలిగలదియు ఆకలి చంపుకొన్నదియు వానికి సమానమే.

దీని ఫలితము పడమటి తీరమున అనుభవమునకు వచ్చినది. 1970ల ఉత్తరార్ధమున కర్ణాటక తీరమందు పర్సు సీను అను పెద్ద చుట్టువలలు ప్రబలినవి. చేపల మందను గోడవలె చుట్టి, అడుగున త్రాడులాగి సంచిమూతివలె బిగించునది ఈ వల. జెల్లలు మందలుగా తిరుగు స్వభావము కలవి. గ్రుడ్లు మోయు మగచేపలును అట్లే గుంపులుగా ఉండును. ఆ వలలలో జెల్ల కుటుంబమునకే చెందిన రెండు జాతుల మగచేపలు నోటినిండ గ్రుడ్లతో రాశులు రాశులుగా పడినవి. మంగళూరు ప్రాంతమున పనిచేయు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఇది కన్నులార చూచి, ఇట్లే సాగినచో జెల్ల నిలువదని 1980 మొదలుకొని హెచ్చరించుచు వ్రాసినారు. కొన్ని యేండ్లు పడవలు నిండినవి. పిదప రాబడి పడిపోయినది. ఒకప్పుడు ఆ తీరమున పేరెన్నికగన్న జెల్లవేట 1980లు గడచునప్పటికి క్షీణించి నామమాత్రమైనది. నిండిన పడవను చూచి సంతోషించిన యేడే లోటు మొదలైనదని తరువాతగాని తెలియలేదు. ధాన్యపు గాదెలో విత్తనపు వడ్లు దంచుకొని తిన్న యింట ఆ సంవత్సరము అన్నమునకు కొదువయుండదు. కొదువ తొలకరి వచ్చిన తరువాతనే.

ఇది చెప్పుట జాలరిని నిందించుటకు కాదు. మర పడవకు అప్పున్నది. యంత్రమునకు డీజిలు కావలెను. ఇంట పిల్లల చదువులున్నవి. నాలుగుదినములు సముద్రముపై తిరిగి వట్టివలతో వచ్చినవాడు, అయిదవనాడు జెల్లలమంద కనబడినపుడు వల వేయకుండునా? అతనికి కడుపు మాడ్చుకొమ్మని చెప్పుటకు ఒడ్డున నీడపట్టున కూర్చున్నవారికి అధికారము లేదు. పట్టుమని ప్రేరేపించునది కొనువాని బేరము. గ్రుడ్లున్న చేపయైనను, లేని చేపయైనను సంతలో ధర ఒక్కటే. తప్పు పంచినచో అందరికిని కొంచెము కొంచెము వచ్చును.

ప్రభుత్వము కొంత చేసినది. ఆంధ్రప్రదేశమున సముద్రవేటను క్రమపఱచుటకు 1994 నాటి చట్టము కలదు. తూర్పుతీరమున 2015 నుండి ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మర పడవల వేట నిషేధింపబడుచున్నది. ఆ యరువది దినములు సముద్రమునకు విశ్రాంతి. మేలే. కాని జెల్ల జాతులన్నియు ఒక్కమారు ఈనవు. మంగళూరు తీరమున నోట గ్రుడ్లుగల మగచేపలు వానకాలము వెనుకపట్టిన తరువాత దొరకినవి. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క కాలము, ఒక్కొక్క తీరమునకు ఒక్కొక్క వేళ. పంచాంగములోని ముహూర్తము అందరికి ఒక్కటైనట్లు నిషేధపు తేదీ అందరికి ఒక్కటే; చేపల ముహూర్తము వేఱు. కావున చట్టము వెళ్ళలేని చోటికి జాలరి తెలివి వెళ్ళవలెను.

ఆ తెలివి జాలరులయందు లేకపోలేదు. ఏ మాసమున, ఏ మొగవద్ద, ఏ లోతున బుగ్గలుబ్బిన జెల్లలు కనబడునో వారికి తెలిసినంత ఏ ఉద్యోగికిని తెలియదు. చేయదగిన పనులు మూడు. ఒకటి: అట్టి మంద కనబడినచోట చుట్టువల వేయక కొన్నివారములు ఆ చోటు విడిచిపెట్టుట. గ్రుడ్లు కక్కిన తరువాత చేపను నీట విడిచిన ఫలము తక్కువ; వల వేయకపోవుటయే నిజమైన విడుదల. రెండు: ఒకరు విడిచినదానిని మరియొకరు పట్టుకొనిపోయినచో విడిచినవాడు వెఱ్ఱివాడగును, కావున ఒక రేవువారందరును కూడి మాటయనుకొనవలెను. చెరువునీటికి ఊరివారు వంతులు వేసికొని కట్టుబడుట లేదా? అట్టిదే ఇదియును. మూడు: నోట గ్రుడ్లున్న జెల్లను కొనమని కొనువారు చెప్పవలెను. సంతలో చేప నోరు తెఱచి చూచుట ఎవ్వరికిని కష్టము కాదు. ఆడువారు ఒక్కనెల బేరము మానినచో చెప్పిన ప్రసంగములకంటె అది ఎక్కువ పనిచేయును. జెల్ల పులుసు మానవలసిన పనిలేదు. జిగటపోవునట్లు ఉప్పువేసి రాచి కడిగి, చింతపండు పులుసుతో వండిన దాని రుచి ఎరిగినవారు ఎరుగుదురు. ఆ పులుసు మనుమలకును దక్కవలెననియే ఈ మాట.

ఈ ప్రసంగమునకు గ్రంథాలయమునకు సంబంధ మేమని అడుగవచ్చును. సంబంధమున్నది. 1803 నాటి ఆ గ్రంథము లేకున్నచో విశాఖరేవున ఆనాడు జాలరులు ఏ చేపను ఏమని పిలిచిరో నేడెవ్వరికి తెలియును? పలికినవారు పోయిరి, పలుకు పుటలో నిలిచినది. నేటి రేవులలో పాతపేర్లు జారిపోవుచున్నవి. యంత్రపు పడవలపై పెరిగిన పిల్లలు తాతలు పిలిచిన పేర్లలో సగము ఎరుగరు. బేరగాని చీటీలో ఇంగ్లీషు పేరొక్కటే ఉండును. పేరు పోయినచో ఆ పేరుతో ముడివడిన జ్ఞానమును – అది ఏ నెలలో వచ్చును, ఏ నీట తిరుగును, ఎప్పుడు విడువవలెను అను జ్ఞానమును – వెంటబోవును.

కావున రజతోత్సవ సందర్భమున ఈ గ్రంథాలయమునకు ఒక చిన్న పని మిగిలియున్నది. గట్టి అట్టగల తెల్లకాగితపు పుస్తక మొకటి బల్లపై ఉంచవలెను. సముద్రముపైకి పోవు పెద్దలు వచ్చినపుడు, చదువుకొన్న యువకు లెవరైన వారినడిగి, ప్రతి చేపపేరును, అది దొరకు చోటును, నెలను, ఈనుకాలమును అందు వ్రాయవలెను. చెప్పినవారి పేరును వ్రాయవలెను. రస్సెల్ ఆ పని చేయలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలపు కాలువపై పడవలో గ్రంథాలయమును నడపి, గట్టున నిలిచిన పల్లెలకు పుస్తకములు చేరవేసిన దేశమిది. అప్పుడు పుస్తకము పడవ యెక్కినది. ఇప్పుడు పడవలోని మాట పుస్తకమెక్కవలెను. ఆ పుస్తకమున మొదటి పుటలో మొదటి పేరు జెల్ల అయినచో సముచితముగా ఉండును. దానికెదురుగా, ఏ నెలలో దానిజోలికి పోరాదో రేవు పెద్దలు ఏకమై చెప్పిన మాట వ్రాసియుండినచో మఱింత సముచితము.

 గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక. స్వస్తి.